ఇరవై లీటర్ల నీళ్లు, ఒక రాత్రి

కుళాయి, కరెంటు, తలుపుకు గడియ లేని చోట ఒక రాత్రి గడపాలంటే గుండె ధైర్యం ఉండాలని చాలామంది అనుకుంటారు. ధైర్యం కంటే ముందు కావలసింది లెక్క. నీళ్లు ఎన్ని, తిండి ఎంత, పడక ఎక్కడ, వాన వస్తే ఎటు పోవాలి, ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే దగ్గరలో ఉన్న ఆసుపత్రి ఏది అన్న ప్రశ్నలకు పొద్దుండగానే జవాబులు సిద్ధం చేసుకున్నవాళ్లను చీకటి పెద్దగా భయపెట్టదు. ఆ జవాబులు లేకుండా వెళ్తే ఎంత ధైర్యవంతుల మధ్యనైనా రాత్రి తొమ్మిదయ్యేసరికి చిరాకు, పదకొండయ్యేసరికి గొడవ మొదలవుతాయి. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: వసతులు లేని చోట ఒక రాత్రి బస చేస్తే ముందుచూపు అలవడుతుంది. ఇంత త్వరగా, ఇంత తక్కువ ఖర్చుతో దాన్ని నేర్పే మార్గం మరొకటి నాకు కనబడదు.

ముందుచూపు లేదని పిల్లల్ని మందలిస్తాం, మనల్ని మనమూ నిందించుకుంటాం. అది ఎందుకు అలవడడం లేదో మాత్రం ఆలోచించం. ఇంట్లో మనం తీసుకునే నిర్ణయానికీ దాని ఫలితానికీ మధ్య చాలా దూరం ఉంటుంది. ట్యాంకు ఖాళీ అయితే మోటారు వేస్తాం. కూర మాడితే హోటలుకు ఫోను చేస్తాం. టార్చి ఎక్కడ పెట్టామో మరచిపోయినా ఇన్వర్టర్ ఆదుకుంటుంది. తప్పు చేసేది ఒకరు, దాన్ని సర్దేది అమ్మో, భార్యో, మునిసిపాలిటీయో. ఫలితం తగలని తప్పు నుంచి ఎవరూ ఏమీ నేర్చుకోలేరు. గుడారంలో ఆ దూరం పోతుంది. మధ్యాహ్నం చేసిన పొరపాటు సాయంత్రానికి దాహమై ఎదురొస్తుంది. సరిగా చూడకుండా పరచిన పడక కింది రాయి పరచినవాడి వీపుకే గుచ్చుకుంటుంది. ఈ ఫలితాలు చిన్నవి, ప్రాణాపాయం లేనివి, కానీ వెంటనే వచ్చేవి. అందుకే అవి మనసులో నాటుకుంటాయి.

ఎక్కడికి వెళ్లాలి

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇలాంటి బస కొత్త కాదు. అక్కడి రాష్ట్రాల పార్కుల్లో కారు పక్కనే కరెంటు ప్లగ్గు, నీళ్ల కుళాయి ఉండే స్థలాలు కొన్ని, ఏమీ లేని స్థలాలు కొన్ని విడిగా కేటాయిస్తారు. టెక్సస్‌లోని పెడర్నాలిస్ ఫాల్స్ పార్కులో ఏ వసతీ లేని స్థలానికి చేరాలంటే సామాను వీపున వేసుకుని దాదాపు రెండు మైళ్లు నడవాలి. నేల మీద మంట వేయకూడదు. మన దగ్గర అలాంటి ఏర్పాటు ఇంకా రూపుదిద్దుకోలేదు. కానీ స్థలానికి కొదవ లేదు. కడప జిల్లాలోని ఎర్రగుంట్ల నుంచి జమ్మలమడుగు మీదుగా నలభై కిలోమీటర్ల లోపే గండికోట ఉంది. ఎర్రమల కొండలను చీల్చుకుంటూ పెన్న పారిన చోట దాదాపు 300 అడుగుల లోతు లోయ, దాని అంచున కోట. 2016లో నంద్యాల–ఎర్రగుంట్ల రైలు మార్గం మొదలయ్యాక జమ్మలమడుగు దాకా రైల్లోనే రావచ్చు. లోయ పరిసరాల్లో గుడారాలు అద్దెకిచ్చేవాళ్లూ ఉన్నారు, పర్యాటక శాఖ హరిత హోటలూ ఉంది.

స్థలం ఎంచుకునేటప్పుడు అనుమతి మొదటి ప్రశ్న కావాలి. గండికోట లోపలి పాత కట్టడాలు పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. వాటి మండపాల్లో పడుకోవడం, గోడల రాళ్లు పీకి పొయ్యి పెట్టడం నేరమే, పాపమే. ఉత్తరాన ఉన్న నల్లమల ఇంకా కఠినం. అది నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి లేకుండా అడుగుపెట్టకూడదు. అడవిలో రాత్రి ఉండాలనుకునేవాళ్లకు బైర్లూటి, పచ్చర్ల దగ్గర అటవీ శాఖ వాళ్ల జంగిల్ క్యాంపులు ఉన్నాయి. ఉగాదికి కన్నడ దేశం నుంచి వేలాదిమంది భక్తులు వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను దారిలో శ్రీశైలానికి నడిచి వెళ్తారు. వాళ్లు అడవిలో గడిపే రాత్రులు కూడా అటవీ శాఖ తెరిచిన దారిలో, తెరిచిన రోజుల్లోనే. ఎవరినీ అడగకుండా వెళ్లడం స్వేచ్ఛ అనుకునేవాళ్లు ఈ అధ్యాయాన్ని ఇక్కడే ఆపేయవచ్చు.

నీళ్ల లెక్క

అన్ని లెక్కల్లోకీ నీళ్ల లెక్క ముఖ్యం. నలుగురు మనుషులు మధ్యాహ్నం మూడింటికి చేరి మర్నాడు ఉదయం తొమ్మిదింటికి తిరిగివస్తారనుకుందాం. చలికాలంలోనైనా తాగడానికి మనిషికి మూడు లీటర్లు ఉంచుకోవాలి. వంటకు ఒకటి, చేతులు, గిన్నెలు కడగడానికి ఒకటి. మనిషికి ఐదు చొప్పున నలుగురికి ఇరవై లీటర్లు. అంటే మన ఊళ్లలో ఆటోల్లో తిరిగే ఒక్క నీళ్ల క్యాన్. జల్ జీవన్ మిషన్ పల్లెల్లో మనిషికి రోజుకు ఇవ్వాలని పెట్టుకున్న లక్ష్యం 55 లీటర్లు. నగరాలకు ప్రభుత్వ ప్రమాణం 135 లీటర్లు. ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే ఇంట్లో కుళాయి కింద మనం ఎన్ని లీటర్లు గమనించకుండా వదిలేస్తున్నామో అర్థమవుతుంది. ఆ క్యాను బరువు ఇరవై కిలోలు. బండి ఆగిన చోటి నుంచి అర కిలోమీటరు మోస్తే ఆ సంగతి భుజానికి తెలుస్తుంది. చదివి తెలుసుకున్న పొదుపుకూ మోసి తెలుసుకున్న పొదుపుకూ ఉన్న తేడా అదే.

నీళ్లు ఇలా లెక్కకు వచ్చాక వంట కూడా మారుతుంది. గిన్నెలు కడగడానికి నీళ్లు తక్కువ కాబట్టి ఎక్కువ గిన్నెలు వద్దు. జొన్నరొట్టెలు, ఎర్రకారం, చింతపండు పులిహోర, బొరుగులు, వేయించిన చెనిగ్గింజలు, బెల్లం ఇంటి నుంచే తెచ్చుకుంటే పొయ్యి అవసరం టీకి మాత్రమే. దానికి చిన్న గ్యాస్ స్టవ్ చాలు. రాయలసీమలో ఏడాదికి కురిసేదే తక్కువ. ఇక్కడ ఒక చెట్టు పెరగడానికి పట్టే కాలాన్ని తలచుకుంటే కొమ్మలు విరిచి మంట వేయడానికి చెయ్యి రాకూడదు. డిసెంబరు దాటాక బోద ఎండి ఉంటుంది, లోయ అంచున గాలి ఎక్కువ. ఒక్క నిప్పురవ్వ గుట్టంతా కాల్చగలదు. నదిలోంచి నీళ్లు తోడుకుని తాగవచ్చు కదా అని కొందరికి అనిపిస్తుంది. పైన పశువులు దిగిన నీళ్లు, ఊళ్ల మురుగు కలిసిన నీళ్లు కంటికి తేటగానే కనబడతాయి. తప్పనిసరైతే గుడ్డలో వడకట్టి, తెర్లకాగిన తర్వాత కనీసం ఒక నిమిషం మరగనిచ్చి తాగాలి. కానీ అది తప్పు లెక్కకు చేసే మరమ్మతు మాత్రమే.

పడక ఎక్కడ

ఈ నేల మీద రాత్రులు గడపడంలో ఆరితేరినవాళ్లు గొర్రెల కాపరులు. పంటలు కోసిన తర్వాత మందలను ఊరూరా తోలుకుపోతూ, ఎరువు కోసం రైతులు పిలిచిన చేలల్లో రాత్రికి మంద నిలుపుతారు. వాళ్ల సామాను ఎంతో చూడండి: కంబళి, కట్టె, టార్చి, నీళ్లు, సంగటి ముద్ద. కంబళే పడక, దుప్పటి, వానకు గొడుగు. కట్టె నడకకు ఊతం, పొదను కదిపి చూసే సాధనం. ఒక వస్తువు రెండు పనులకు పనికొస్తేనే దానికి వాళ్ల భుజం మీద చోటు. కొత్తవాళ్లు దుకాణంలో కనబడినవన్నీ కొని సంచి నింపుతారు, అవసరమైనది మరచిపోతారు. సంచి సర్దేటప్పుడు ఒక్కో వస్తువునూ చేతిలోకి తీసుకుని, ఇది లేకపోతే ఈ రాత్రి ఏమవుతుంది అని అడగండి. జవాబు రాని వస్తువును ఇంట్లో వదిలేయండి.

పడక చోటు విషయంలో రెండు తప్పులు ప్రాణం మీదికి తెస్తాయి. ఒకటి, ఎండిన ఏటి ఇసుకలో గుడారం వేయడం. మెత్తగా, చదునుగా ఉంటుంది కాబట్టి అందరి కన్నూ దాని మీదే పడుతుంది. కానీ మన ఏర్లు, వంకలు ఇక్కడ చినుకు లేకపోయినా ఎగువన వాన పడితే నిండిపోతాయి. 2021 నవంబరు 19న అప్పటి కడప జిల్లాలో చెయ్యేరు పొంగి రాజంపేట దగ్గర అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయి, దిగువ పల్లెలు తెల్లవారుజామున మునిగిపోయాయి, ఎందరో ప్రాణాలు కోల్పోయారు. ఏళ్ల తరబడి సన్నగా పారిన ఏరే అది. రెండోది, దృశ్యం బాగుందని లోయ అంచున గుడారం వేయడం. నిద్రమత్తులో లేచి నడిచే మనిషికి అంచు కనబడదు. కనీసం వంద అడుగులు వెనక్కి జరగండి. గుడారం మేకులు రాతినేలలో దిగవు కాబట్టి తాళ్లను బరువైన విడి రాళ్లకు కట్టి, పొద్దున్నే ఆ రాళ్లను తీసిన చోటే పెట్టండి. ఉరుము వినబడిందంటే పిడుగు పడే పరిధిలో ఉన్నట్టే లెక్క, ఆ క్షణమే గుట్ట మీది నుంచి దిగి భవనంలోకో కారులోకో వెళ్లండి. నవంబరులో తుపానులుంటాయి, మార్చి దాటితే బండలు అర్ధరాత్రి దాకా వేడి కక్కుతాయి. డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా ఈ ప్రాంతానికి అనువైన కాలం.

పాములు, ఇతర భయాలు

పాముల సంగతేమిటి అన్నది మొదట వచ్చే ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్న. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో ఏటా సగటున 58 వేలమంది చనిపోయారని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. ఎక్కువ మరణాలు నమోదైన ప్రాంతాల్లో ఆంధ్ర కూడా ఉంది. అదే అధ్యయనం మరో మాట కూడా చెప్పింది: మరణాల్లో సగం జూన్ నుంచి సెప్టెంబరు లోపు జరుగుతున్నాయి. పైన చెప్పిన చలికాలపు బసకు అది మరో కారణం. నేల మీద పడుకున్నవాళ్లకు రాత్రిపూట ఎక్కువ ముప్పు కట్లపాముతో. దాని కాటు కొన్నిసార్లు నొప్పి కూడా పుట్టించదు. అందుకే కింద గుడ్డ కలిపి కుట్టి, జిప్పు పూర్తిగా మూసుకునే గుడారమే వాడాలి. చెప్పులు లోపల పెట్టుకోవాలి, టార్చి లేకుండా అడుగు బయట పెట్టకూడదు, తిండి మెతుకులు ఎలుకలను, ఎలుకలు పాములను పిలుస్తాయని గుర్తుంచుకోవాలి. కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించడం వద్దు. అవయవం కదలకుండా ఉంచి 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేరడమే వైద్యం. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుకపింజర నాలుగింటికీ ఒకే విరుగుడు మందు పనిచేస్తుంది. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ఆసుపత్రుల్లో ఆ మందు ఉందో లేదో బయల్దేరే ముందే కనుక్కోండి. ఈ జాగ్రత్తలన్నీ తీసుకున్న మనిషి తన ఇంటి పెరట్లో చీకట్లో చెప్పులు లేకుండా నడిచే మనిషికంటే క్షేమంగా ఉంటాడు.

ఆడవాళ్ల మాటేమిటి అన్నది రెండో ప్రశ్న. దీన్ని తేలిగ్గా తీసిపారేసే హక్కు ఎవరికీ లేదు. భయం వాళ్ల ఊహలో పుట్టినది కాదు, సమాజం కల్పించినది. కాబట్టి ఏర్పాటులోనే దానికి జవాబు ఉండాలి. మొదటిసారి బృందంగా, తెలిసిన కుటుంబాలతో, సిబ్బంది ఉన్న చోటుకు దగ్గరగా వెళ్లాలి. ఎక్కడ ఉంటున్నదీ ఏ గంటకు తిరిగి ఫోను చేసేదీ ఊళ్లో ఇద్దరికి చెప్పాలి, ఆ గంట దాటితే వాళ్లు ఏం చేయాలో కూడా చెప్పాలి. మరుగు కోసం చిన్న గుడారం ఒకటి విడిగా వేయాలి. నీళ్ల లెక్క, స్థలం ఎంపిక మగవాళ్లు చేసి, వంట ఆడవాళ్లకు అప్పగిస్తే ఆ రాత్రి ఎవరికీ ఏమీ నేర్పదు. పనులు మార్చుకోండి. ఇంట్లో ఎవరి ముందుచూపు మీద అందరూ హాయిగా బతుకుతున్నారో గుడారంలో తేలిపోతుంది.

మూడో అభ్యంతరం అన్నిటికంటే బలమైనది. రాయలసీమ మనిషికి కరువు కొత్తనా? బిందెలతో మైళ్లు నడిచిన తల్లులు, వాన లేక వలస పోయిన కుటుంబాలు ఉన్న నేల మీద లేమిని వినోదంగా ఆడుకోవడం ఏం సంస్కారం అని అడిగేవాళ్లున్నారు. వాళ్ల కోపంలో నిజముంది. బలవంతపు లేమి మనిషికి ఏమీ నేర్పదు, అతని కాలాన్నీ ఆరోగ్యాన్నీ తినేస్తుంది. మర్నాడు ఇంటికి పోతానన్న భరోసా ఉన్నవాడి రాత్రి, ఆ భరోసా లేనివాడి రాత్రి ఒకటి కావు, ఒకటని చెప్పడం అబద్ధం. అయితే నేను చెబుతున్నది లేమిని మెచ్చుకోమని కాదు. కుళాయి వచ్చాక పుట్టిన తరానికి ఇరవై లీటర్ల బరువు తెలియదు. తెలియనిదాన్ని ఎవరూ గౌరవించరు. ఒక్కసారి మోసినవాడు, ఇంకా మోస్తున్నవాళ్ల ఇంటికి కుళాయి ఎందుకు రాలేదని అడుగుతాడు. ఆ ప్రశ్న రాకపోతే ఆ రాత్రి నిజంగానే వినోదం దగ్గర ఆగిపోయినట్టు.

చీకటి చేసే మేలు

ఈ బసకు శరీరం వైపు నుంచి కూడా ఆధారం ఉంది. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయానికి చెందిన కెనెత్ రైట్ బృందం ఎనిమిదిమందిని వారం రోజులు విద్యుద్దీపాలు లేకుండా గుడారాల్లో ఉంచి పరీక్షించి, ఫలితాలను 2013లో ప్రచురించింది. నిద్రను పిలిచే మెలటోనిన్ వాళ్ల శరీరాల్లో మామూలు కంటే దాదాపు రెండు గంటలు ముందుగా ఊరడం మొదలైంది. 2017లో ప్రచురించిన మరో పరీక్షలో వారాంతపు బసకే ఈ మార్పు చాలావరకు కనబడింది. ఎనిమిదిమంది మీది పరీక్షతో లోకానికంతా తీర్పు చెప్పలేం, ఒక్క రాత్రితో నిద్రలేమి పోతుందని నేను మాట ఇవ్వను. కానీ అది మనకు చూపేదొకటి ఉంది. అర్ధరాత్రి దాకా నిద్ర పట్టకపోవడం మన స్వభావమని సరిపెట్టుకుంటున్నాం, అందులో దీపాల పాలు చాలా ఉంది. చీకటికి కన్ను బాగా అలవాటు పడడానికి ఇరవై నుంచి ముప్ఫై నిమిషాలు పడుతుంది, మధ్యలో ఒక్కసారి ఫోను చూస్తే మళ్లీ మొదటికొస్తుంది. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీల వెలుగు, థర్మల్ కేంద్రం వెలుగు ఆకాశాన్ని కమ్మేస్తాయి. గండికోట దగ్గర చుక్కలు ఇంకా ఉన్నాయి. ఆ అరగంట ఓపిక పట్టగలిగితే చాలు.

మిద్దె మీది నుంచి మొదలు

అద్దె గుడారంలో బిర్యానీ, పాటలు, మంట అన్నీ ఏర్పాటు చేస్తున్నారు, అది చాలదా అని అడగవచ్చు. సరదాకు చాలు, తప్పేమీ లేదు. నేర్చుకోవడానికి చాలదు, ఎందుకంటే లెక్క వేసినవాడు నిర్వాహకుడు. అద్దెకు తీసుకున్నా సరే, నీళ్లు, తిండి, చెత్త బాధ్యత మీదే పెట్టుకోండి. చెత్తను తెచ్చినవాళ్లే తిరిగి మోసుకెళ్లాలి, అరటి తొక్కతో సహా. దొడ్డికి వెళ్లాల్సి వస్తే నీటికి కనీసం అరవై మీటర్ల దూరంలో జానెడు లోతు గుంట తీసి పూడ్చాలి. సబ్బు నీళ్లు నదిలో కలవకూడదు. స్పీకరు పెట్టకూడదు. మీరు వెళ్లిపోయాక వచ్చినవాళ్లకు అక్కడెవరో పడుకున్నారన్న ఆనవాలు దొరకకపోతే పరీక్ష నెగ్గినట్టు.

ఒకేసారి గండికోటకు పరుగెత్తవద్దు. మొదటి రాత్రి మీ మిద్దె మీదే, ఇంట్లోకి దిగకుండా, ఒక్క క్యాను నీళ్లతో గడపండి. ఏం మరచిపోయారో ఒక కాగితం మీద రాయండి. రెండోసారి సొంత చేనులోనో, తెలిసినవాళ్ల తోటలోనో అదే కాగితం దగ్గర పెట్టుకుని ఉండండి. మూడోసారికి ఆ జాబితా మీ నోటికి వచ్చేస్తుంది, అప్పుడు గండికోటకు బయల్దేరండి. పిల్లలుంటే నీళ్ల లెక్క వాళ్లకే అప్పగించండి, తప్పితే తిట్టకండి, తక్కువైన నీళ్లను అందరూ సమానంగా పంచుకోండి. పరీక్షకు, పెళ్లికి, వ్యవసాయానికి, చిన్న వ్యాపారానికి కావలసింది ఇదే గుణం: రేపటి అవసరాన్ని ఈరోజే అంకెల్లో చూడగలగడం. ఉపన్యాసాలతో అది రాదు. వచ్చే చలికాలంలో ఒక శనివారం ఎంచుకోండి, క్యాను నింపండి, బయల్దేరండి.